దుబాయ్‌లో రీసేల్ ఫ్లాట్: ధర మీద ఇంకో ఏడు శాతం చేతిలో ఉండాలి

దుబాయ్‌లో విదేశీయులు ఎక్కడ పడితే అక్కడ ఇల్లు కొనలేరు. 2006 నాటి 7వ నంబరు చట్టం కింద ఫ్రీహోల్డ్‌గా ప్రకటించిన చోట్లే మన పేరున పూర్తి హక్కు వస్తుంది. మెరీనా, డౌన్‌టౌన్, బిజినెస్ బే, జుమేరా విలేజ్ సర్కిల్, ఇంటర్నేషనల్ సిటీ అలాంటివే. మనవాళ్లు ఎక్కువగా అద్దెకుండే కరామా, బర్ దుబాయ్‌లలో చాలామటుకు ఆ వీలు లేదు.

ముందు లెక్క చూసుకోండి. పది లక్షల దిర్హమ్‌ల ఫ్లాట్ అయితే ల్యాండ్ డిపార్ట్‌మెంట్ ఫీజు 4 శాతం, అంటే 40,000. చట్టం ప్రకారం ఇది కొనేవాడు, అమ్మేవాడు చెరిసగం కట్టాలి. కానీ కొనేవాడే మొత్తం కట్టడం అక్కడి ఆనవాయితీ, కాబట్టి బేరంలోనే తేల్చుకుని కాగితం మీద రాయించండి. ఏజెంటుకు 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్ కలిపి 21,000. బదిలీ నమోదు చేసే ట్రస్టీ ఆఫీసుకు 4,200. యాజమాన్య పత్రమైన టైటిల్ డీడ్‌కు 580. అమ్మకానికి అభ్యంతరం లేదని బిల్డర్ ఇచ్చే ఎన్‌ఓసీకి సాధారణంగా 500 నుంచి 5,000 దాకా. లోను తీసుకుంటే దాని రిజిస్ట్రేషన్‌కు లోను మొత్తంలో 0.25 శాతం, పైన 290 అదనం. 2025 ఫిబ్రవరి నుంచి ఈ ఫీజులకు బ్యాంకులు అప్పివ్వడం లేదు.

అక్కడ నివాస వీసా ఉన్నవారికి, 50 లక్షల దిర్హమ్‌ల లోపు మొదటి ఇంటికి 80 శాతం వరకు లోను వస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీరు ఒప్పుకున్న ధర, బ్యాంకు కట్టిన విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీదే లోను. పది లక్షలకు ఒప్పుకున్న ఫ్లాటుకు బ్యాంకు తొమ్మిదిన్నర లక్షలే విలువ కడితే లోను 7,60,000. అనుకున్నదానికి 40,000 తగ్గింది, అది మీ జేబులోంచే. ఇక, ఎంత దాకా లోను ఇవ్వగలదో బ్యాంకు ముందే రాసిచ్చే ప్రీ అప్రూవల్ చేతికి రాకముందు బేరం ఖాయం చేయొద్దు.

ధర కుదిరాక అమ్మకం ఒప్పంద పత్రమైన ఫారం ఎఫ్ మీద సంతకాలు, 10 శాతానికి చెక్కు. ఆ చెక్కు యజమాని పేరునే రాసి ఏజెంటు దగ్గర ఉంచుతారు, బ్యాంకులో వేయరు. దానికి ముందే టైటిల్ డీడ్‌ను, ఏజెంటు లైసెన్సును ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో సరిచూడండి. తర్వాత ఎన్‌ఓసీ, భవన నిర్వహణకు కట్టే సర్వీస్ చార్జీల బాకీ తీరితేనే బిల్డర్ ఇస్తాడు. చివరిది ట్రస్టీ ఆఫీసులో బదిలీ. బ్యాంకు రాసిచ్చే మేనేజర్ చెక్కు మీద యజమాని పేరు టైటిల్ డీడ్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తేడా వస్తే ఆ రోజు పని ఆగినట్టే.

సర్వీస్ చార్జీ చదరపు అడుగు లెక్కన ఉంటుంది. అడుగుకు 15 అయితే 800 అడుగుల ఫ్లాటుకు ఏడాదికి 12,000. ఏసీ చల్లదనానికి పడే చిల్లర్ బిల్లు ఎవరిదో విడిగా అడగండి. ఒకే కేంద్రం నుంచి చల్లదనం పంపే డిస్ట్రిక్ట్ కూలింగ్ ఉన్న చాలా భవనాల్లో ఇల్లు తాళం వేసి ఉన్నా నెలనెలా కెపాసిటీ చార్జీ పడుతుంది.

ఫ్లాటులో అద్దెదారు ఉంటే ఆ ఒప్పందం మీకూ వర్తిస్తుంది. మీరే ఉండటానికి ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ 12 నెలల నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ సందేశం చెల్లదు.

ఇంటి దగ్గర నుంచి అమ్మానాన్న డబ్బు పంపితే బ్యాంకు ద్వారానే, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద, ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల లోపు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. హవాలా జోలికి మాత్రం అస్సలు పోకండి.

ఎన్‌ఆర్‌ఐగా ఉండగా కొన్న ఫ్లాటును, ఇండియాకు తిరిగొచ్చేసినా ఉంచుకోవచ్చు. కానీ పన్ను లెక్కలో ‘రెసిడెంట్ అండ్ ఆర్డినరిలీ రెసిడెంట్’ అయిన ఏడాది నుంచి రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి. అద్దె రాకపోయినా సరే, చూపకపోతే 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.