వాల్వు మార్చిన తొమ్మిదేళ్లకు మళ్లీ దారిలో పడ్డాను

గుండెలోని మైట్రల్ వాల్వు తీసేసి లోహపు వాల్వు పెట్టి తొమ్మిదేళ్లయింది. మొదట్లో, రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే వార్ఫరిన్ మాత్రంటే భయభక్తులు ఉండేవి. తర్వాత, బాగానే ఉన్నాను కదా అని ఐఎన్ఆర్ పరీక్షకు (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూసేది) కావలి నుంచి నెల్లూరు వెళ్లడం మానేశాను. పైగా ఎవరో మంచిదంటే రోజూ మునగాకే. ఒకరోజు పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ 1.6! నాకుండాల్సింది 2.5 నుంచి 3.5. డాక్టరుగారు తిట్టలేదు. "వాల్వు మీద గడ్డ కడితే పక్షవాతం వస్తుందయ్యా" అన్నారంతే. ఆ రాత్రి నిద్ర లేదు.

ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. అలాగని మానక్కర్లేదట, వారం వారం ఒకే మోతాదులో తింటే చాలన్నారు. మాత్ర డోసు ఆయనే సరిచేశారు. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకోగానే మా ఆవిడ క్యాలెండర్లో గీత పెడుతుంది. గీత లేకపోతే అన్నం లేదు! నెలకోసారి పరీక్ష, ఊళ్లోనే ల్యాబులో. మోకాలి నొప్పికి షాపులో అడిగి మాత్రలు కొనడం మానేశాను, రక్తస్రావం అవుతుందని. పన్ను పీకించుకునే ముందు కూడా వాల్వు సంగతి చెప్పి, వాళ్లిచ్చిన యాంటీబయాటిక్ వేసుకున్నాను.

చేపల పులుసు మాత్రం వదల్లేదు. ఉప్పు తగ్గించాం, మామిడికాయ ముక్క పడితే ఆ తేడా తెలియదు. మొన్న 2.8 వచ్చింది.