ఎండాకాలంలో వ్యాయామం: బైండర్ వాడే ట్రాన్స్ పురుషులకు జాగ్రత్తలు

మార్చి దాటితే మన దగ్గర ఉదయం 8 గంటలకే చెమటలు. ట్రాన్స్ పురుషులు (పుట్టుకతో ఆడపిల్లగా నమోదైనా, తాము పురుషులమని గుర్తించేవారు) ఛాతీ చదునుగా కనిపించేందుకు వేసుకునే బిగుతు లోదుస్తే బైండర్. అది వాడేవాళ్లు పరుగుకో జిమ్‌కో బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

- ఛాతీకి క్రేప్ బ్యాండేజీ, టేపు చుట్టుకుని వ్యాయామం వద్దే వద్దు. కదిలేకొద్దీ బిగుసుకుని పక్కటెముకలను నొక్కేస్తాయి, ఊపిరి ఆడనివ్వవు.

- రోజూ వేసుకునే బిగుతు బైండర్ కూడా తీసేయండి. రొప్పేటప్పుడు ఛాతీ విచ్చుకోవాలి. స్పోర్ట్స్ బ్రా, పైన వదులైన ముదురు రంగు టీషర్టు మేలు. బైండర్ లేకుండా బయటికి రాలేకపోతే, ఒక సైజు పెద్దది వేసుకుని నడక వరకే. ఆ ఇబ్బంది చిన్నదేమీ కాదు, అయినా ఊపిరి ముందు.

- వేసుకున్నాక చేతులు పైకెత్తి నిండా గాలి పీల్చండి. ఎక్కడైనా పట్టేస్తే అది వ్యాయామానికి పనికిరాదు.

- తల తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా వెంటనే ఆపి, విప్పేయండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

- బట్టలు మార్చుకునే చోటు ముందే చూసుకోండి. చెమటతో తడిసిన బట్ట ఒరుసుకుని ఛాతీ కింద దద్దుర్లు వస్తాయి.