పాత బైక్‌తో సాల్ట్ మీదికి వెళ్తున్నారా? జెట్ తగ్గించే జోలికి పోకండి

గత సీజన్‌లో బానవిల్ సాల్ట్ మీద (అమెరికాలోని యూటాలో వేగం రికార్డులకు పరిగెత్తే ఉప్పు మైదానం) ఒక పాత 500 సీసీ సింగిల్ సిలిండర్ బైక్ పూర్తి వేగంలో ఉండగా పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బైక్ అడ్డంగా జారింది. నడిపినతను బతికాడు, కాలర్ ఎముక విరిగింది. అతని టైర్లు కొత్తవి, లెదర్ సూట్ మంచిది, ఇన్‌స్పెక్షన్‌లో ఒక్క లోపం కూడా దొరకలేదు. అయితే ఆ ఉదయం కార్బ్యురేటర్‌లో ఉన్నది ముందురోజు మధ్యాహ్నం పెట్టిన జెట్, అంటే ఎంత పెట్రోల్ పారాలో నిర్ణయించే చిన్న రంధ్రపు ముక్క.

హెల్మెట్, బ్రేకులు, గ్లవ్స్ గురించి ఇక్కడ రాయను. అవి రూల్ బుక్‌లోనే ఉన్నాయి, సరిగా లేకపోతే మిమ్మల్ని స్టార్టింగ్ లైన్ దాకా రానివ్వరు. నేను చెప్పేది ఇన్‌స్పెక్టర్ కంటికి కనబడని సంగతి. పాత ఇంజిన్లతో వేగం రికార్డులకు వెళ్లేవాళ్లను ముంచే తప్పుల్లో నేను ఎక్కువగా చూసింది ఒక్కటే: ఇంకో హార్స్‌పవర్ దొరుకుతుందని మెయిన్ జెట్ తగ్గించడం.

జెట్ తగ్గిస్తే ఏమవుతుంది

డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) మీద ఒక పుల్ పది సెకన్లలో అయిపోతుంది. ఇంజిన్ వేడెక్కేలోపే గ్రాఫ్ చేతికొస్తుంది. సాల్ట్ మీద లెక్క వేరు. గంటకు 100 మైళ్ల వేగంలో ఒక్క మైలు దాటడానికే 36 సెకన్లు పడుతుంది. వేగం అందుకోవడానికి పట్టే దూరం కూడా కలిపితే ఫుల్ థ్రాటిల్ నిమిషం దాటిపోతుంది. రోడ్డు మీద ఏ పాత బైకూ అంతసేపు పూర్తిగా తెరిచి నడవదు. గాలితో చల్లబడే ఇనప సిలిండర్, పెద్ద పిస్టన్, ఎప్పుడో పోతపోసిన హెడ్... వీటికి ఆ వేడిని తట్టుకునే చల్లదనం కొంతవరకు లోపలికి వచ్చే పెట్రోలే ఇస్తుంది. మీరు తగ్గించేది ఆ పెట్రోల్‌నే.

మిక్స్చర్ లీన్ అయ్యేకొద్దీ, అంటే గాలికి తగ్గ పెట్రోల్ తగ్గేకొద్దీ, పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్ గోడను గీరుతుంది, చివరికి పట్టేస్తుంది. ఈలోగా నాకింగ్ (మిక్స్చర్ అదుపు తప్పి పేలడం) మొదలైతే పిస్టన్ తలకు చిల్లే పడొచ్చు. రోడ్డు మీదైతే నాకింగ్ టకటకమని వినిపిస్తుంది. ఓపెన్ పైపు, హెల్మెట్, చెవుల్లో హోరుగాలి ఉన్నప్పుడు ఏమీ వినిపించదు. బైక్ ఏదో కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది, అంతే. అది గమనించేసరికి ఆలస్యం అయిపోతుంది.

పోనీ, దీనివల్ల వచ్చే లాభమైనా ఎంత? గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగంతో పాటు ఘనంలో పెరుగుతుంది. 40 హార్స్‌పవర్ ఇంజిన్‌కి ఇంకొకటి కలిస్తే, గంటకు 160 కిలోమీటర్ల దగ్గర పెరిగే వేగం సుమారు 1.3 కిలోమీటర్లు. మోచేతులు లోపలికి పెట్టి, గడ్డం ట్యాంకుకి ఆనించి పడుకుంటే దీనికన్నా ఎక్కువే వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. డైనోలో గాలి, పెట్రోల్ నిష్పత్తి 13కి 1 దగ్గర ఎక్కువ పవర్ కనబడిందంటే, సాల్ట్‌కి 12 దగ్గరికి తెచ్చుకోండి. రికార్డు ఒకటి రెండు కిలోమీటర్లతో తప్పిపోతుందని టెన్షన్ పడేవాళ్లు ముందు బైక్ ముందుభాగం చూడండి, తర్వాతే జెట్ డబ్బా తెరవండి.

మధ్యాహ్నం జెట్, పొద్దుటి గాలి

అసలు ఉచ్చు ఇక్కడుంది. బానవిల్ సముద్రమట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి గాలి పలచన. కింద ట్యూన్ చేసుకుని తెచ్చిన బైక్ అక్కడ రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై నడుస్తుంది, స్పార్క్ ప్లగ్ నల్లగా వస్తుంది. కాబట్టి జెట్ కొంత తగ్గించడం సబబే, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక జెట్ తగ్గించగానే బైక్ చురుగ్గా లాగుతుంది, మనిషి రుచి మరుగుతాడు, ఎండ మండుతున్న మధ్యాహ్నం ఇంకొకటి తగ్గిస్తాడు. ఆ రన్ బాగా వస్తుంది, రికార్డుకు క్వాలిఫై అవుతాడు.

బానవిల్‌లో ఆగస్టులో జరిగే స్పీడ్ వీక్ పోటీల్లో రికార్డు ఒక్క రన్‌తో రాదు. క్వాలిఫై అయిన బైక్‌ని ఇంపౌండ్‌లో (నిర్వాహకుల నిఘాలో ఉండే చోట) పెడతారు, మర్నాడు ఉదయం రెండో రన్ చేయాలి, రెండింటి సగటే రికార్డు. మధ్యాహ్నం 35 డిగ్రీలున్న గాలి పొద్దున్నే 15 డిగ్రీలుంటే దాని సాంద్రత సుమారు 7 శాతం పెరుగుతుంది. కార్బ్యురేటర్ దానంతటది ఇందులో సగమే సర్దుకుంటుంది. మిగతా మూడు నాలుగు శాతం లీన్‌గా మిగిలిపోతుంది. పాత ఆమల్ కంపెనీ కార్బ్యురేటర్ జెట్ల మీద ఉండే నంబరు నిమిషానికి పారే ఇంధనం, సీసీల్లో. 200 నుంచి 210కి వెళ్తే తేడా 5 శాతం. అంటే ఆ ఉదయానికి ఒక సైజు పెద్ద జెట్ కావాలి. రాత్రంతా ఆనందంలో ఉన్న మనిషికి ఇది గుర్తుండదు. "నిన్న నడిచిందిగా, ముట్టుకోకు" అని పక్కనున్నవాళ్లు కూడా చెబుతారు.

నిన్న నడిచింది నిన్నటి గాలిలో. ఇంపౌండ్‌లో పని చేసుకోవడానికి టైమ్ ఇస్తారు. ఆ టైమ్‌లో చేయాల్సిన మొదటి పని జెట్ పెంచడం. థర్మామీటరు, బారోమీటరు చూసి ప్రతి రన్‌కీ జెట్ నంబరుతో పాటు ఒక పుస్తకంలో రాసుకోండి. జ్ఞాపకం మీద ఆధారపడకండి.

జెట్ సరిగ్గానే ఉన్నా లీన్ అయ్యే దారి

40 హార్స్‌పవర్ పాత ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి 200 నుంచి 250 సీసీ పెట్రోల్ తాగుతుంది. ట్యాంకు నుంచి అంత దిగుతోందా? ఎప్పుడో బజారు పనికి చేసిన ట్యాప్, సన్నటి పైపు, కొత్తగా తగిలించిన ఫిల్టరు. వీటిలో ఏ ఒక్కటి అడ్డుపడినా మొదటి మైలు బాగుంటుంది, రెండో మైలులో ఫ్లోట్ బౌల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ అవుతుంది. కార్బ్యురేటర్ దగ్గర పైపు ఊడదీసి, ట్యాంకు అడుగున కొంచెమే పెట్రోల్ ఉంచి, కొలత గ్లాసులో పట్టి చూడండి. ఇంజిన్ తాగేదానికి రెట్టింపు దిగకపోతే ట్యాప్ మార్చండి. ఇది ట్యాంకు మూత బిగించి చేయాలి. మూతకున్న గాలి రంధ్రం పూడిపోయి ఉంటే మూత తీసిన పరీక్షలో అది బయటపడదు.

మెథనాల్ వాడేవాళ్లకు చల్లదనం ఎక్కువే, కానీ బరువు లెక్కన పెట్రోల్‌కి రెండింతల పైనే పారాలి. పెట్రోల్ ట్యాప్‌తో మెథనాల్ నడపొద్దు. దాని మంట పగటి వెలుగులో కనబడదని పిట్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచండి. రోజు అయ్యాక వ్యవస్థ మొత్తం ఖాళీ చేయండి, లేకపోతే అల్యూమినియం, మెగ్నీషియం భాగాలను తినేస్తుంది.

ప్లగ్ ఏం చెబుతోంది

కొత్త ప్లగ్‌తో రన్ చేయండి. కొలత మైలు దాటాక, పడుకున్న భంగిమ మార్చకుండా క్లచ్ పట్టి అదే క్షణంలో ఇగ్నిషన్ ఆపేయండి. బైక్ దానంతటదే నెమ్మదిస్తుంది. పిట్‌కి నడుపుకుంటూ రాకండి, లాగించుకోండి. ఐడిల్ మీద నడిస్తే ప్లగ్ మీది రంగు మారిపోతుంది, ఇక అది చెప్పేది అబద్ధం. భూతద్దంతో పింగాణీ లోపలి అడుగుదాకా చూడండి, మిక్స్చర్ గుర్తు అక్కడే ఉంటుంది. పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే అది మీ పిస్టన్ అల్యూమినియమే. ఆరోజుకి ఇక రన్ లేదు. జెట్ పెంచి, టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తెచ్చి, కంప్రెషన్ కొలిచాకే ముందుకు.

న్యూజిలాండ్‌కి చెందిన బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ బైక్‌ని 1967లో గంటకు 183 మైళ్లు దాటించాడని అందరూ చెప్పుకుంటారు. ఆయన పగిలిన పిస్టన్లను, కనెక్టింగ్ రాడ్లను ఒక అరలో పేర్చి, వేగ దేవుడికి నైవేద్యాలని రాసిపెట్టుకున్నాడు. ఆ అర నిండటానికి దశాబ్దాలు పట్టింది, పిస్టన్లు ఆయన చేత్తో పోతపోసుకున్నవే. మీ దగ్గర ఉన్నది ఒక్క పిస్టన్, అది కూడా వెతికి వెతికి తెప్పించుకున్నది.

గేరింగ్, టైమింగ్, ఇంకా

ఆశపడే వేగానికి కాకుండా వచ్చే వేగానికి స్ప్రాకెట్ పెట్టండి. గేరింగ్ మరీ పొడవైతే ఇంజిన్ పవర్ పీక్ కింద ఇరుక్కుని, థ్రాటిల్ మొత్తం తెరిచి ఉండగా మూలుగుతూ లాగుతుంది. నాకింగ్‌కి అంతకన్నా మంచి ఆహ్వానం లేదు. సాల్ట్ చక్రాన్ని పట్టి లాగుతుంది, చక్రం జారుతుంది కూడా, కాబట్టి రోడ్డు లెక్క అక్కడ పనిచేయదు. అనుమానముంటే వెనక ఒక పన్ను పెంచండి.

బ్యాటరీ లేకుండా స్పార్క్ పుట్టించే మాగ్నెటో వేడెక్కాకే దాని అసలు రంగు బయటపడుతుంది. ఓవెన్‌లోనో హీట్ గన్‌తోనో వేడి చేసి స్పార్క్ చూడండి. వీ-ట్విన్ (V ఆకారంలో రెండు సిలిండర్లున్న ఇంజిన్) అయితే రెండు సిలిండర్ల టైమింగ్ విడివిడిగా కొలవండి, మాగ్నెటోలోని క్యామ్ రింగ్ అరుగుదల వల్ల తేడా ఉంటుంది.

కిల్ స్విచ్. ఇది చాలామందికి తెలియదు. నడిపేవాడికి కట్టి ఉండే తాడు, పడిపోతే దాన్ని లాగేస్తుంది. బ్యాటరీ ఇగ్నిషన్‌లో తాడు లాగితే సర్క్యూట్ తెగి ఇంజిన్ ఆగుతుంది. మాగ్నెటోకి తాడు లాగితే సర్క్యూట్ ఎర్త్‌కి, అంటే బైక్ లోహానికి కలవాలి. వైరు తెగి ఉంటే బ్యాటరీ బైక్ నడవదు, మాగ్నెటో బైక్ మాత్రం ఆగదు. ప్రతి రన్‌కి ముందు ఇంజిన్ నడుస్తుండగా తాడు లాగి చూడండి.

ఇక మిగతావి, నాకు గుర్తొచ్చిన వరుసలో:

– టైరు పక్కన నాలుగంకెల కోడ్ చదవండి: 3221 అంటే 2021లో 32వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, పారేయండి. గాడి ఎంత లోతుందో నాకు చెప్పొద్దు.

– వేగం అక్షరం కూడా చూడండి. S 180 కిలోమీటర్లు, H 210, V 240.

– వాల్వ్‌కి లోహపు మూతలే. వేగంలో చక్రం తిరిగే బలానికి లోపలి వాల్వ్ పిన్ను తెరుచుకోవచ్చు, గాలిని ఆపేది ఆ మూతే.

– ఫోర్క్ క్రౌన్, యోక్, హెడ్‌స్టాక్ లగ్గులు పెయింట్ తీసి, డై పెనెట్రెంట్‌తో పగుళ్లు చూడండి. పెయింట్ అందంగా ఉందని వదిలేయొద్దు.

– చైన్ కొత్తది. క్లిప్ లింక్ వాడితే వైరు చుట్టండి.

– డ్రెయిన్ ప్లగ్గులన్నిటికీ సేఫ్టీ వైర్. వెనక టైరు మీద పడిన ఒక్క చెంచా ఆయిల్ చాలు.

– ఆముదం ఆయిల్, మినరల్ ఆయిల్ కలపొద్దు.

– స్టీరింగ్ డ్యాంపర్ బిగించి వణుకుని దాచొద్దు. వణుకు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి: హెడ్ బేరింగ్, స్వింగ్ ఆర్మ్ బుష్, చక్రాల వరస.

– హ్యాండిల్ పూర్తిగా రెండువైపులా తిప్పినప్పుడు ఫెయిరింగ్‌కి (గాలిని చీల్చే తొడుగు), ట్యాంకుకి, మీ మోకాలికి తగలకూడదు. మీరు పడుకుని ఉండగా చూడాలి, స్టాండ్ మీద కాదు.

– థ్రాటిల్ స్లైడ్ ప్రతి రన్‌కి ముందు చూడండి. ఉప్పు చేరితే ఇరుక్కుంటుంది.

– మొదటి నుంచి చివరి వరకు రెండు వేళ్లు క్లచ్ లీవరు మీదే. ఇంజిన్ పట్టేసినప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు.

– సాల్ట్ మీద ముందు బ్రేక్ వాడొద్దు.

– మైలు దాటగానే లేచి కూర్చోవద్దు. ఛాతీకి తగిలే గాలి బైక్‌ని ఊపేస్తుంది.

– పక్కగాలి ఉంటే, పెద్ద ఫెయిరింగ్ ఉంటే, వెళ్లొద్దు. లైన్‌లో మూడు గంటలు నిలబడ్డా సరే.

– ఒకసారికి ఒక్కటే మార్చండి. జెట్, టైమింగ్, గేరింగ్ కలిపి మార్చినవాడికి ఏది చేసిందో తెలియదు.

– పక్క పిట్‌లో ఉన్న పెద్దమనిషి చెప్పాడని జెట్ తగ్గించొద్దు. ఆయన ఇంజిన్ వేరు.

– రోలీ ఫ్రీ 1948లో ఈత నిక్కరుతో విన్సెంట్ బైక్ మీద బోర్లా పడుకుని 150 మైళ్లు దాటిన ఫొటో గోడకి తగిలించుకోండి. అనుకరించొద్దు.

– చివరి రోజు, చివరి రన్, "ఇంకొక్క జెట్ తగ్గిస్తే రికార్డే" అనిపిస్తుంది. తగ్గించొద్దు.

– నైట్రో (నైట్రోమీథేన్ ఇంధనం) జోలికి పోవద్దు.

– చల్లటి ఉదయం జెట్ పెంచండి. మళ్లీ చెబుతున్నాను: పెంచండి.

– ఏ రోజు ఉప్పు ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగండి, ముఖ్యంగా స్పోకుల నిపిల్స్, బ్రేక్ డ్రమ్ములు. మాగ్నెటో మీదికి పైపుతో కొట్టొద్దు, దాన్ని గుడ్డతో తుడవండి.