మనసు బరువెక్కిన పొద్దున ఒక్క మందారం చాలు

మనసు బాగోలేని రోజు పొద్దున్నే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పెరట్లోకి వెళ్లండి. ఒక్క మొక్కనే ఎంచుకోండి, నాకైతే మందారం. 20 నిమిషాలు, 5 ఫొటోలు, అంతే. ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడు, వెలుతురు ఆకు వెనక నుంచి వచ్చేలా నిలబడితే ఈనెలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. నొక్కేముందు ఊపిరి నిదానంగా వదలండి, చెయ్యి కుదురుగా ఉంటుంది.

తర్వాత అదే పువ్వుని, కాగితం వైపు చూడకుండా, చూపంతా రేకుల అంచుల మీదే నిలిపి పెన్సిల్‌తో గీయండి. బొమ్మ వంకర్లు పోతుంది, పోనివ్వండి. రబ్బరు మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. అమ్మ చనిపోయిన ఏడాది నన్ను నిలబెట్టింది ఈ అలవాటే. మందారం సాయంత్రానికల్లా ముడుచుకుపోతుంది, అందుకే పొద్దున్నే వెళ్లమంటున్నాను.