కిరాయికి ఇల్లు, ఓనర్‌కి పాఠాలు – 4: అడ్వాన్స్ లెక్క, ఆగిపోయిన కిరాయి

ముందు కిందటి పాఠం అభ్యాసానికి జవాబు. తాళాలు ఇచ్చే రోజున ఇల్లంతా ఫోటోలు తీసి, ఏది ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేయాలని చెప్పుకున్నాం కదా. అందులో "బాత్‌రూమ్ బాగుంది" అని రాస్తే సరిపోతుందా అని అడిగాను. సరిపోదు. మూడేళ్లు పోయాక ఆ మాట ఎవరికీ పనికిరాదు. "వాష్‌బేసిన్ తెల్లది, పగుళ్లు లేవు, కింద పైపు దగ్గర కొద్దిగా లీకు ఉంది" అని రాయాలి. ఆ లీకు సంగతి ఓనరే రాశాడంటే, పగుళ్లు లేవన్న మాట కూడా నిజమేనని ఎవరైనా నమ్ముతారు.

ఆ కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోండి. లేనివాళ్లు ఈ పాఠం చదవొచ్చు గానీ, వాళ్ల లెక్కలో సగం నోటిమాటే అవుతుంది.

రెండు కాగితాలు

ఈసారి నేర్చుకోవాల్సిన పని ఒక్కటే: రావాల్సిన డబ్బు ఒక కాగితం మీద, పాడైన వస్తువులు ఇంకో కాగితం మీద రాయడం. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో నేను చూసిన ఓనర్, కిరాయిదారు గొడవల్లో చాలావరకు ఈ రెండూ కలిపేయడం వల్లే ముదిరాయి. "రెండు నెలల కిరాయి, కరెంటు బిల్లు, గోడలు, గీజర్, మొత్తం 60 వేలు" అని ఒకే అంకె చెప్తే, అవతలివాడు గీజర్ దగ్గర పట్టుకుంటాడు. గీజర్ మీద వాదన తేలదు. దాంతోపాటు, తనే ఒప్పుకునే కిరాయి బాకీ కూడా ఆగిపోతుంది.

కిరాయి బాకీ అంటే ఒప్పందంలో ఉన్న అంకె, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించని నెల. దాని మీద వాదించడానికి ఏమీ ఉండదు. డ్యామేజీ అలా కాదు. వచ్చినప్పుడు ఎలా ఉంది, పోయేటప్పుడు ఎలా ఉంది, బాగుచేయడానికి ఎంత, అందులో ఎంత భాగం అతని వల్ల అన్న నాలుగూ మీరే చూపించుకోవాలి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ప్రకారం కిరాయిదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. "మామూలు అరుగుదల తప్ప" అన్న మాట కూడా అక్కడే ఉంది. ఆ అరుగుదలకు వాళ్ల దగ్గర డబ్బు పట్టుకోకూడదు. అదే సెక్షన్‌లో ఓనర్లకు పనికొచ్చే మాట ఇంకొకటుంది, ఎందుకో ఎవరూ వాడుకోరు. కిరాయిదారు ఉండగానే, సరైన వేళలో వెళ్లి ఇల్లు చూసే హక్కు మీకుంది. అతని వల్ల ఏదైనా పాడైందని కనిపిస్తే రాతపూర్వకంగా తెలియజేయండి. అప్పటినుంచి మూడు నెలల్లోగా అతను బాగుచేయించాలి. ఖాళీ చేసే రోజు దాకా ఆగి, అన్నీ ఒకేసారి తవ్వి తీయడం కంటే ఏడాదికి ఒకసారి చూసి రావడం మేలు.

ఒక లెక్క చేద్దాం

మల్కాజిగిరిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. కిరాయి 16,000, మెయింటెనెన్స్ 1,500, అడ్వాన్స్ రెండు నెలలది 32,000. దంపతులు, ఒక పిల్లాడు సరిగ్గా మూడేళ్లు ఉన్నారు. వాళ్లు రాకముందే కొత్త రంగులు వేయించారు. ఖాళీ చేసేటప్పటికి రెండు నెలల కిరాయి ఆగింది.

మొదటి కాగితం తేలిక. కిరాయి 32,000, మెయింటెనెన్స్ 3,000, కట్టని కరెంటు బిల్లు 1,840. మొత్తం 36,840. కరెంటు బిల్లు మరచిపోకండి. సర్వీస్ నంబరు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి, అతను కట్టకపోతే అది మీ నెత్తినే పడుతుంది. తాళాలు తీసుకునే రోజే మీటర్ రీడింగ్‌ను ఫోటో తీయండి.

రెండో కాగితం దగ్గర నిదానించండి. పిల్లాడి గదిలో గోడలకు అంటించిన స్టిక్కర్లు పీకితే లప్పంతో సహా ఊడొచ్చింది. ఆ ఒక్క గదికి లప్పం పెట్టి రంగు వేయడానికి పెయింటర్ 7,500 అడిగాడు. మొత్తం పట్టుకోవచ్చా? కూడదు. మా ఇంట్లో ఐదేళ్లకోసారి రంగులు వేయిస్తాం. ఆ లెక్కన ఆ రంగులకు మిగిలిన ఆయుష్షు రెండేళ్లు, అంటే ఐదింట రెండు వంతులు. 7,500లో రెండు వంతులు 3,000. మిగతా గదుల రంగులు మామూలుగానే మాసాయి, వాటికి సున్నా.

వాష్‌బేసిన్ పగిలింది, కొత్తది బిగించడానికి 3,200. అది పెట్టించి ఐదేళ్లయింది, ఇంకో ఐదేళ్లు వస్తుందనుకుంటే సగం, 1,600. మెయిన్ డోర్ తాళంచెవి ఒకటి తిరిగి ఇవ్వలేదు. తాళం మార్చడానికి 900. ఇది పూర్తిగా వాళ్లదే.

గీజర్‌లో రాడ్ పోయింది. ఇక్కడే ఓనర్లు తొందరపడతారు. ఆ అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్లే ఆధారం. బోరు నీళ్లకు గీజర్ లోపల తెల్లటి సున్నం పేరుకుపోయి రాడ్ పోవడం మన ఊళ్లో ఇంటింటి కథే. అది వాడకం వల్ల వచ్చే అరుగుదల, కాబట్టి సున్నా. బాత్‌రూమ్ తలుపు అడుగున నీళ్లు తగిలి ఉబ్బడం, పొయ్యి వెనక టైల్స్ మీద పోపు జిడ్డు కూడా అంతే.

రెండో కాగితం మొత్తం 5,500. రెండూ కలిపితే 42,340. అడ్వాన్స్ 32,000 పోగా ఇంకా రావాల్సింది 10,340. రెండు కాగితాలూ బిల్లుల ఫోటోలతో సహా ఒకేసారి పంపండి. గీజర్‌కు, తలుపుకు సున్నా వేసిన వరసలు కూడా అందులో ఉంచండి. మీరు వదిలేసినవి కూడా కనిపిస్తే బేరం మర్యాదగా సాగుతుంది.

"చివరి రెండు నెలలు అడ్వాన్స్‌లో పట్టుకోండి అంకుల్"

ఈ మాట వినని ఓనర్ హైదరాబాద్‌లో ఉండడు. దీన్ని మోసం అనను. కొందరు ఓనర్లు అడ్వాన్స్ తిరిగి ఇవ్వకుండా తిప్పుతారు కాబట్టే, కిరాయిదారులు ముందే రాబట్టుకునే ఈ దారి పట్టారు. అయినా సరే, ఒప్పుకుంటే మీ చేతిలో డ్యామేజీకి రూపాయి మిగలదు. పై లెక్కలో జరిగింది అదే.

నేను చేసేది చెప్తాను. ఖాళీ చేస్తున్నామని చెప్పిన వారంలోపే వెళ్లి ఇల్లు చూస్తాను. పాత కాగితం, పాత ఫోటోలు తీసుకెళ్లి, వాళ్ల ముందే ఏది అరుగుదలో ఏది డ్యామేజీనో మాట్లాడి, అంకె రాసుకుంటాం. ఆ తర్వాత, "ఒక నెల కిరాయి అడ్వాన్స్‌లో పట్టుకుంటాను, రెండో నెలది కట్టండి, తాళాలు ఇచ్చిన రోజే మిగతాది మీ ఖాతాలో వేస్తాను" అంటాను. వేస్తాను కూడా. ఒకసారి అలా చేస్తే, వాళ్లే తర్వాతి కిరాయిదారుణ్ణి తీసుకొస్తారు. నాకు టులెట్ బోర్డు కట్టే పని చాలాసార్లు అలాగే తప్పింది.

మనిషి ఇంట్లో ఉండగానే కిరాయి ఆగితే

5వ తేదీ దాటితే ఫోన్, 10 దాటితే వాట్సాప్ మెసేజ్. ఫోన్‌లో ఎంతైనా మాట్లాడండి గానీ, ఆ మాటల సారాంశం మెసేజ్‌లో ఉండాలి. ఇలా:

"నమస్తే అండీ. జూన్ కిరాయి 16,000, మెయింటెనెన్స్ 1,500 ఇంకా అందలేదు. 20వ తేదీకల్లా వేస్తామని ఈరోజు ఫోన్‌లో చెప్పారు. దయచేసి నిర్ధారించండి."

"సరే అంకుల్, వేస్తాను" అని జవాబు వచ్చిందంటే బాకీ ఒప్పుకున్నట్టే. కోర్టుదాకా వెళ్తే ఇలాంటి ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం (కోర్టులో రుజువుల గురించిన చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. కాబట్టి చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చినా బ్యాకప్ ఉంచుకోండి.

నగదు మాత్రం తీసుకోకండి. ఈ పాఠం నేను 2016లో నేర్చుకున్నాను. అంతకుముందు మా పై పోర్షన్‌లో ఉండే ఆయన కిరాయి చేతికే ఇచ్చేవారు, నేను డైరీలో రాసుకునేవాణ్ణి. నవంబర్ 8న పెద్దనోట్లు రద్దయ్యాక రెండు నెలలు కొంచెం కొంచెంగా, కొత్తవి పాతవి కలిపి ఇచ్చారు. జనవరికి ఆయన లెక్క వేరు, నా లెక్క వేరు. ఇద్దరం అబద్ధం ఆడలేదు, రసీదు లేదంతే. చివరికి తేడా 4,000 నేనే వదులుకున్నాను.

రెండు నెలలు దాటితే లాయర్ నోటీసు. నెలవారీ కిరాయికి ఉన్నవాళ్లకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల గడువిచ్చి ఖాళీ చేయమనాలి. నోటీసు రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. పోస్టులో అందినట్టు రుజువు దాచుకోండి. ఇక్కడ రెండు గోతులున్నాయి. గడువు ముగిశాక మామూలుగా కిరాయి పుచ్చుకుంటే, నోటీసును మీరే వదులుకున్నారని అవతలివాళ్లు వాదిస్తారు. తీసుకోక తప్పకపోతే, "నోటీసుకు భంగం లేకుండా, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా" అని రాసి తీసుకోండి. రెండో గొయ్యి, కోపం ఆగక మళ్లీ ఖాళీ చేయమని కొత్త నోటీసు పంపడం. దాంతో మొదటిది చెల్లకుండా పోతుంది. అదే చట్టం సెక్షన్ 113 ఈ సంగతులే చెప్తుంది.

ఏ చట్టం కిందకు వస్తారన్నది కిరాయి ఎంత, ఇల్లు ఎప్పటిది అన్నదాని మీద ఆధారపడుతుంది. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలకు వర్తించదు. కట్టి 15 ఏళ్లు నిండని ఇళ్లకూ వర్తించదు. కాబట్టి పాతబస్తీలో ఏ పాత కిరాయికో తప్ప, ఇప్పటి ఫ్లాట్ల గొడవలు సివిల్ కోర్టుకే వెళ్తాయి. దావా నడుస్తుండగా కిరాయి కోర్టులో జమ చేయించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 15-ఎ కింద అడగొచ్చు, లాయర్‌కు గుర్తుచేయండి. బాకీ కిరాయికి దావా వేసే గడువు మూడేళ్లు.

మన ఉదాహరణలోని 10,340 లాంటి మొత్తానికి కోర్టుకెళ్లమని మాత్రం చెప్పను. లీగల్ సర్వీసెస్ అథారిటీకి ఒక దరఖాస్తు పెట్టుకుంటే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. రెండు కాగితాలు తీసుకెళ్లండి, పని తొందరగా అవుతుంది.

కరెంటు పీకేయడం, నల్లా కట్టేయడం, బయటినుంచి తాళం వేయడం వద్దు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేస్తే, కిరాయిదారు ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఇల్లు మీదే అన్న వాదన అక్కడ పనిచేయదు. నేను ఒకసారి కిరాయి ఆపినవాళ్ల పోర్షన్‌కు నీళ్ల వాల్వ్ కట్టేశాను. సాయంత్రం ఆ ఇంటావిడ ఖాళీ బిందె తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి, ఒక్కమాట అనకుండా మెట్లెక్కి వెళ్లిపోయింది. వాల్వ్ నేనే తిప్పాను, బిందె మా ఆవిడ నింపి ఇచ్చొచ్చింది. కిరాయి ఇంకో నెలకు గానీ రాలేదు.

అభ్యాసం

కిరాయి 12,000, అడ్వాన్స్ 24,000. ఒక నెల కిరాయి బాకీ. కిరాయిదారు నాలుగేళ్లున్నాడు. రంగులు అతను రావడానికి మూడేళ్ల ముందు వేసినవి. హాల్లో ఒక గోడ నిండా మేకుల రంధ్రాలు, బాగుచేయడానికి 4,000. కిచెన్ గట్టు గ్రానైట్ మూల విరిగింది, అతికించడానికి 1,500. సీలింగ్ ఫ్యాన్ కాలిపోయింది, అది పదేళ్ల నాటిది. బోరు నీళ్లకు పాడైన కుళాయిలు అతనే మార్పించి, 1,800కు బిల్లు చూపించాడు. రెండు కాగితాలూ రాసి, అతనికి ఎంత తిరిగి ఇవ్వాలో తేల్చండి. గోడ దగ్గర ఒకసారి ఆగి ఆలోచించండి. జవాబు ఐదో పాఠం మొదట్లో ఇస్తాను.