చార్మినార్ చుట్టూ ఫోటోవాక్: గుంపుతో నడిచి మీదైన ఫోటో తీసుకోవడం ఎలా

హైదరాబాద్ పాతబస్తీలో ఫోటోవాక్ అంటే పదిహేను, ఇరవై మంది కెమెరాలో ఫోన్లో పట్టుకుని మదీనా చౌరస్తా దగ్గర కలుసుకుని, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ మీదుగా చార్మినార్ చేరి, మక్కా మసీదు, గాజుల కొట్లుండే లాడ్ బజార్ చూసుకుని చౌమహల్లా ప్యాలెస్ దగ్గర ముగించడం. దూరం సుమారు రెండు కిలోమీటర్లే అయినా ఆగుతూ తీస్తూ వెళ్తే మూడు గంటలు పడుతుంది. ఇలాంటి నడకల్లో తరచూ జరిగేదేంటంటే, అందరూ ఒకేచోట నిలబడి ఒకే కోణంలో తీసి, ఒకే ఫోటోతో ఇంటికెళ్తారు. అలా కాకూడదంటే ఎండ ఎప్పుడు ఏ గోడ మీద పడుతుందో, ఏ గల్లీ ఎప్పుడు మేల్కొంటుందో ముందే తెలుసుకుని రావాలి.

పేరు ఇచ్చే ముందు నిర్వాహకులను కొన్ని సంగతులు అడగండి. ఎంతమంది వస్తున్నారు, ముందు ఎవరు నడుస్తారు, చివర ఎవరుంటారు? ఇరవై మంది దాటితే రెండు బృందాలుగా విడదీస్తారా? రుసుము ఉంటే అందులో ఏమేం కలిసున్నాయి? మీ ఫోటోలు వాళ్ల పేజీలో వేసుకుంటారా, వేస్తే మీ పేరు పెడతారా? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతానికి తీసుకున్న ఫోటో హక్కు తీసినవాళ్లదే. "పంపిన ఫోటోలన్నీ మావే" అనే షరతు ఎక్కడైనా కనిపిస్తే ఒప్పుకునే ముందు ఆలోచించుకోండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం, ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినం చుట్టుపక్కల ఇలాంటి నడకలు ఎక్కువ. అప్పుడు జనమూ ఎక్కువే. మొదటిసారి వచ్చేవాళ్లు మామూలు ఆదివారం పొద్దున్న జరిగే చిన్న నడకను ఎంచుకుంటే నయం. శుక్రవారం మాత్రం వద్దు. మధ్యాహ్నం నమాజుకు మక్కా మసీదు చుట్టూ రద్దీ పెరుగుతుంది, పైగా చౌమహల్లా ప్యాలెస్‌కు ఆరోజే సెలవు.

తెల్లవారేసరికి అక్కడుండాలి. హైదరాబాద్‌లో సూర్యోదయం జనవరిలో ఆరూ నలభై ఐదు దాటాక, జూన్‌లో ఐదూ నలభై ప్రాంతంలో. అప్పటికి చేరాలంటే మెట్రోను నమ్ముకోవద్దు. మొదటి రైలెక్కినా దిగేది మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గరి ఎంజీబీఎస్‌లో, అక్కణ్నుంచి చార్మినార్ ఇంకా రెండు కిలోమీటర్లుంటుంది. ఆటోలోనో సొంత బండి మీదో వస్తే నిశ్చింత. చార్మినార్ చుట్టూ బండ్లకు ఆంక్షలున్నాయి కాబట్టి బండి మదీనా వైపే ఆపేయండి.

సామాను

ఒక కెమెరా, ఒకే లెన్సు చాలు. క్రాప్ సెన్సర్ (బొమ్మను పట్టే సెన్సర్ కాస్త చిన్నదిగా ఉండే) కెమెరాతో వచ్చే 18-55 మిల్లీమీటర్ల లెన్సు ఈ దారి మొత్తానికి సరిపోతుంది. ఫోన్ ఉన్నా సరిపోతుంది. లెన్సులు మార్చాలనుకుంటే ఇంట్లోనే మార్చుకు రండి. లాడ్ బజార్ దుమ్ములో మూత తీస్తే సెన్సర్ మీద పడిన చుక్క ప్రతి ఆకాశంలోనూ కనిపిస్తుంది. అదనపు బ్యాటరీ, ఖాళీ కార్డు, మంచినీళ్ల సీసా, పట్టు జారని చెప్పులు లేదా బూట్లు పెట్టుకోండి. ట్రైపాడ్ వద్దు. చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి. రోడ్డు మీద పెడితే జనానికి అడ్డం. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి.

వానాకాలంలో ఒక జాగ్రత్త. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో తీసిన చల్లటి కెమెరాను తేమగాలిలో పెట్టగానే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. అందుకే కెమెరాను జిప్ వేసిన సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడేదాకా ఇరవై, ముప్పై నిమిషాలు ఆగాలి. కారులో ఉన్నప్పుడే సంచిని ఏసీ గాలి తగలని చోట పెట్టుకుంటే ఆ సమయమూ కలిసొస్తుంది.

చార్మినార్ మీద ఎండ

1591లో కులీ కుతుబ్ షా కట్టించిన ఈ కట్టడం నాలుగు కమానులూ నాలుగు దిక్కులకే ఉంటాయి. అందుకే ఎండ లెక్క తేలిక. గుల్జార్ హౌజ్ నుంచి కనిపించేది ఉత్తరం ముఖం. ఎక్కువమంది తీసేది దాన్నే. కానీ సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడో వారం దాకా ఆ ముఖం మీద నేరుగా ఎండ పడదు. సూర్యుడు రోజంతా దక్షిణం వైపే తిరుగుతాడు. ఆ నెలల్లో అక్కడ నిలబడి తీస్తే వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోయి, మినార్లు బూడిదరంగులో వస్తాయి. ఫోన్‌లో ఎన్ని ఫిల్టర్లు వేసినా ఆ సున్నపు గచ్చు నగిషీ తేలదు.

చలికాలంలో సూర్యుడు ఆగ్నేయంగా పొడుస్తాడు కాబట్టి తూర్పు, దక్షిణం ముఖాలు రెండూ వెలుగుతాయి. మూల నుంచి తీస్తే ఒక ముఖం మరీ ప్రకాశంగా, పక్కది కొంచెం నీడగా వచ్చి కట్టడానికి ఒడ్డూ పొడుగూ కనిపిస్తాయి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఈశాన్యంగా పొడుస్తాడు. ఆ పొద్దుల్లో గుల్జార్ హౌజ్ వైపు ముఖం మీద ఎండ ఏటవాలుగా జారుతుంది. గచ్చు పూలు, జాలీలు, 1889లో అమర్చిన గడియారం చుట్టూ ఉన్న అంచులు అన్నీ నీడలతో విడివిడిగా తెలుస్తాయి. ఉత్తరం ముఖం తీయాలంటే ఆ కాలమే, అదీ సూర్యోదయం తర్వాత మొదటి గంటన్నరలోనే.

ఇక మినార్లు వెనక్కి పడిపోతున్నట్టు రావడం. దగ్గర నిలబడి కెమెరాను పైకెత్తితే అలాగే వస్తాయి. చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు. కెమెరాను నిలువుగా పట్టుకుని, పైకెత్తకుండా నేలకు సమంగా ఉంచి మొత్తం పట్టించాలంటే, 18 మిల్లీమీటర్ల క్రాప్ లెన్సుకైనా ఫోన్ మామూలు లెన్సుకైనా ఎనభై, తొంభై మీటర్ల దూరం కావాలి. అంటే కట్టడం నుంచి నూట పదీ నూట ఇరవై అడుగులు వేసినంత. ఫ్రేములో కింది సగం రోడ్డే వస్తుంది. రాతి పరుపు మీద తోపుడు బండో పావురాలో ఉంటే ఉంచుకోండి, లేకపోతే తర్వాత కత్తిరించండి. ఆ వెనక్కి వెళ్లే క్రమంలో బండ్లు చూసుకోండి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడవొద్దు.

ఎపర్చర్ ప్రయారిటీ (లెన్సు రంధ్రం సైజు మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్), రంధ్రం ఎఫ్ 8, వెలుగుకు స్పందించే స్థాయి అయిన ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 3200, కనీస షట్టర్ వేగం 1/250 సెకను పెట్టుకుంటే నడకలో సగం భాగానికి మళ్లీ మీటలు ముట్టుకోనక్కర్లేదు. పావురాలు లేచినప్పుడు రెక్క స్పష్టంగా నిలవాలంటే 1/1000 దాటాలి. మక్కా మసీదు ముందు అవి ఒక్కసారిగా లేస్తాయి, అప్పుడు సెట్టింగు మార్చుకోవడానికి టైముండదు. అక్కడికి చేరకముందే మార్చుకోండి. వాటిని లేపడానికి పిల్లల్ని ఉరికించొద్దు. కాసేపు ఆగితే వాటంతటవే లేస్తాయి.

పక్కన నిలబడినవాళ్లు తీయనిది

గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ చుట్టూ నాలుగు కమానులున్నాయి. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాళీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. గుంపంతా చార్మినార్ వైపు తిరిగి ఉన్నప్పుడు మీరు తూర్పుకు తిరగండి. పొద్దున్న కాళీ కమాన్ వైపు నుంచి వచ్చే వెలుగులో పాలవాళ్లు, సైకిళ్లు నీడబొమ్మల్లా వస్తాయి. ఎక్స్‌పోజర్‌ను ఆకాశానికి పెట్టి ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించండి. ఫోన్‌లో అయితే వెలుగున్న చోట తాకి వేలిని కిందికి జరపండి.

అంతకుముందు దారిలో పత్తర్‌గట్టి ఉంది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తీర్చిదిద్దిన కాలంలో కట్టిన రాతి కమానుల వరుస అది. దుకాణాలు తెరవకముందే తీయాలి. షట్టర్లు లేచాయంటే తెరలు, బోర్డులు, వేలాడే బట్టలు రాయిని కప్పేస్తాయి.

చార్మినార్, మక్కా మసీదుల మధ్య ఇరానీ చాయ్ కోసం ఆగే చోటు ఉంది. బృందం ఇక్కడ ఆగినప్పుడు అందరూ సాసర్లు, ఉస్మానియా బిస్కెట్లు తీస్తారు. తీసినా పర్లేదు గానీ, చాయ్ పోసే మనిషి చేతుల ఫోటో కావాలంటే అడిగి, రద్దీ తగ్గాక తీయండి. పొద్దున్న గిరాకీ ఉన్నప్పుడు కౌంటరు ముందు పదిమంది కెమెరాలతో నిలబడితే వాళ్ల పని ఆగిపోతుంది. మసీదు లోపలికి వెళ్తే గేటు దగ్గర కెమెరా సంగతి అడగండి. తల కప్పుకోవడానికి చున్నీయో రుమాలో ఉంచుకోండి. నమాజు చేసేవాళ్ల ఎదుట నిలబడి తీయొద్దు. చార్మినార్ పక్కన ఉన్న గుడిలో హారతి వేళా అంతే. పోలీసు పికెట్లను ఫ్రేములోకి రానివ్వకండి.

లాడ్ బజార్

చార్మినార్‌కు పడమట మొదలయ్యే ఈ గల్లీ ఉదయం మూసే ఉంటుంది. దుకాణాలు తెరిచేసరికి పదకొండవుతుంది. పొద్దున్నే వెళ్లేవాళ్లు మూసిన షట్టర్లు చూసి నిరాశపడతారు. అందుకే నడక ముగిశాక చౌమహల్లా చూసుకుని, పదకొండున్నరకు ఇక్కడికి తిరిగి రండి. గాజుల కొట్టులో వెలుగు అంతా ఎల్‌ఈడీలదే. వాటిలో చాలావరకు 50 హెర్ట్‌జ్ కరెంటుకు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. 1/500లో తీస్తే ఫోటోలో నల్లటి అడ్డపట్టీలు పడతాయి, ఎలక్ట్రానిక్ షట్టర్ అయితే ఇంకా ఎక్కువ. 1/50 కానీ 1/100 కానీ పెట్టి మెకానికల్ షట్టర్ వాడితే పట్టీలు పోతాయి. అద్దాలు, రాళ్లు మెరిసి తెల్లటి మచ్చలు కాకుండా రెండు మూడోవంతుల స్టాపు తగ్గించండి.

గాజులు చేసే కార్ఖానా చూసే అవకాశం దొరికితే వదలొద్దు. బొగ్గుల మీద వేడిచేసిన లక్కను చేత్తో పొడుగ్గా లాగి, చుట్టలా వంచి, మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయినీ అద్దుతారు. లక్క చల్లారితే రాయి కూర్చోదు. కాబట్టి ఆ చేతులకు ఆగే తీరిక ఉండదు, "ఒక్కసారి ఇటు చూడండి" అనొద్దు. పక్కకు కూర్చుని, ఫోన్‌లో రెండింతల జూమ్ పెట్టి, వేళ్ల మీద ఫోకస్ చేసి ఓపిగ్గా తీయండి. అల్ట్రావైడ్‌తో దగ్గరికి దూరితే పొయ్యి వేడి మీకూ, మీ నీడ వాళ్ల పనికీ తగులుతాయి.

మనుషుల్ని తీసే పద్ధతి గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఒక మనిషి మీదికి ఒకేసారి ఇద్దరికి మించి కెమెరాలు తిరగకూడదు. ఒకరు అడిగితే పదిమంది తీసుకోవడం అనుమతి కాదు. "భాయ్, ఏక్ ఫోటో లేలూఁ?" అని అడగండి. పెద్దవాళ్లయితే "చాచా" అనండి. తల అడ్డంగా ఊపితే సలాం చెప్పి కదలండి. ఆడవాళ్లను అడగకుండా అసలు తీయొద్దు. పిల్లల్ని తీయాలంటే వాళ్లతో ఉన్న పెద్దల్ని అడగాలి. డబ్బులివ్వడం అలవాటు చేయకండి, ఆ కొట్లో చాయో గాజులో కొనండి. రంజాన్ నెలలో పగలు వాళ్ల ఎదుట తింటూ తాగుతూ తిరగొద్దు. ఆ నెలలో అసలు సందడి రాత్రి బజార్లలోనే, నడకను అప్పుడే పెట్టుకోవడం మంచిది.

ఇంటికొచ్చాక ముందు కార్డును రెండుచోట్ల కాపీ చేసి, ఆ తర్వాతే ఖాళీ చేయండి. బృందంలో పంచుకోవడానికి ఐదు ఫోటోలు ఎంచుకోండి. అవి ఐదూ ఒకే చోటువి కాకుండా చూసుకోండి. కింద పేరు రాసేటప్పుడు "పాత కమాన్" అని వదిలేయకుండా ఏ కమానో రాయండి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన నగరం ఫోటోలు ఈనాటికీ పనికొస్తున్నాయంటే, అవి ఎక్కడివో తెలియడం అందుకు ఒక కారణం. ఎవరికైనా ఫోటో పంపుతానని నంబరు తీసుకుని ఉంటే ఆ రాత్రికే వాట్సాప్‌లో పంపేయండి. మాట తప్పితే తర్వాతి బృందానికి ఆ కొట్లో ఫోటో దొరకదు.