రన్‌వే పక్కన బోరు నీళ్లు: ఫైర్ ఫోమ్ మరకను వెతకడం ఎలా

మాది బెంగుళూరులోని యలహంక. హిందూపురం నుంచి వచ్చి పదకొండేళ్లయింది. రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో ఏరో ఇండియా జరిగేటప్పుడు లేఔట్‌లో అందరం మేడలెక్కి విమానాలు చూస్తాం. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మాకు అంత దగ్గర. కావేరీ నీళ్లు రాని రోజుల్లో మేమంతా బోరు మీదే బతుకుతాం.

కింది ఇంట్లో అద్దెకుండే అమ్మాయికి ఆరో నెల. అమెరికాలో ఎయిర్ బేస్‌ల చుట్టూ మంటలార్పే ఫోమ్ వల్ల నీళ్లు పాడైన సంగతి ఎక్కడో చదివి, ఒకరోజు బాటిల్ పట్టుకుని పైకి వచ్చింది. "అక్కా, మీరు ల్యాబులో పనిచేశారు కదా, మన నీళ్లు కూడా అట్లే ఉంటాయా?" అని అడిగింది. నీళ్ల పరీక్షల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన నాకు ఆ ప్రశ్నకు జవాబు తెలియలేదు. యలహంకలో నీళ్లు పాడయ్యాయని నేను అనడం లేదు. పాడయ్యాయో లేదో కనుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో, నేను నేర్చుకున్నంత వరకు రాస్తున్నాను. తాంబరం, జాలహళ్లి లాంటి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ల దగ్గర ఉండేవాళ్లకు కూడా ఇదే దారి.

ముందు ఆ ఫోమ్ సంగతి. విమానం ఇంధనం అంటుకుంటే ఉత్త నీళ్లు పనికిరావు. నీళ్లు అడుక్కి పోతాయి, ఇంధనం పైకి తేలి మండుతూనే ఉంటుంది. అందుకని 1960లలో అమెరికా నేవీ పరిశోధకులు 3ఎం కంపెనీతో కలిసి ఒక ఫోమ్ తయారుచేశారు. అది ఇంధనం మీద పల్చటి నీటి పొరలా పరుచుకుని ఆవిరిని అణిచేస్తుంది. దాని పేరు ఏఎఫ్ఎఫ్ఎఫ్, ఫైర్ సర్వీసు వాళ్ల నోట 'ఏ ట్రిపుల్ ఎఫ్'. ప్రాణాలు కాపాడిన వస్తువే, కాదనను. కానీ ఆ పొర పరుచుకునే గుణం ఇచ్చేవి పీఎఫ్ఏఎస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం ఎంత గట్టిదంటే ఎండకు, వానకు, మట్టిలోని సూక్ష్మజీవులకు అది తెగదు. అందులో పీఎఫ్ఓఎస్ లాంటివి మనిషి ఒంట్లో చేరితే సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. 3ఎం 2000లో దాన్ని మానేస్తామని ప్రకటించింది. ఇలాంటి మొండి రసాయనాలను అరికట్టే స్టాక్‌హోం అంతర్జాతీయ ఒప్పందం పీఎఫ్ఓఎస్‌ను 2009లో, అదే కుటుంబంలోని పీఎఫ్ఓఏను 2019లో, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్‌ను 2022లో తన జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2023 చివర్లో పీఎఫ్ఓఏను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటిలో పెట్టింది.

ఇది నేలలోకి ఎట్లా దిగుతుంది? విమానం కూలినప్పుడే అనుకుంటాం. అసలు కారణం ప్రాక్టీసు. గుంటలో ఇంధనం పోసి, తగలబెట్టి, ఆర్పడం నేర్పిస్తారు. అదే గుంటలో, అదే చోట, ఏళ్ల తరబడి. క్రాష్ టెండర్ (రన్‌వే ఫైరింజన్) నాజిల్ సరిగ్గా కొడుతోందా అని పరీక్షిస్తారు, హ్యాంగర్‌లో ఫోమ్ సిస్టమ్ తిప్పి చూస్తారు, తర్వాత నీళ్లతో కడిగేస్తారు. మిషిగన్‌లో ఆస్కోడా పక్కన వర్ట్‌స్మిత్ ఎయిర్‌ఫోర్స్ బేస్ 1993లోనే మూతపడింది. అయినా ఆ ఊరి వాళ్లు ఈనాటికీ ఆ నీళ్లతో పోరాడుతున్నారు. ఆస్ట్రేలియాలో ఎయిర్ బేస్ పక్కనున్న విలియమ్‌టౌన్ వాళ్లకు 2015లో గానీ సంగతి చెప్పలేదు. చివరికి 2020లో అక్కడి ప్రభుత్వం విలియమ్‌టౌన్, ఓకీ, కేథరిన్ ఊళ్లకు కలిపి 21.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం ఒప్పుకోవాల్సి వచ్చింది.

గోడ దగ్గరికి పోకండి

ఇది అన్నిటికన్నా ముందు చెప్పాలి. స్టేషన్ గోడ దగ్గర ఫొటోలు తీయొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు, కాలువ వెంట లోపలికి దూరొద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. ఉపగ్రహ చిత్రం చూసి "ఇదిగో ఫైర్ పిట్" అని గీత గీసి గ్రూపుల్లో పెట్టడం కూడా వద్దు. మనకు దాని అవసరం లేదు. మన బోరు, మన చెరువు, పబ్లిక్ రోడ్డు, ప్రభుత్వ కాగితం, ఈ నాలుగింటితోనే పని అంతా జరుగుతుంది.

కాగితంతో మొదలుపెట్టండి. ప్రభుత్వ కొనుగోళ్ల టెండర్లలో ఫోమ్ రకం రాసి ఉంటుంది: ఏఎఫ్ఎఫ్ఎఫ్ 3 శాతమా, 6 శాతమా, ఐఎస్ 4989 అనే భారత ప్రమాణం ప్రకారమా అని. ఇలాంటి సంస్థలు ఏ రకం కొంటున్నాయో దాంతో ఒక అంచనా వస్తుంది. తర్వాత ఆర్టీఐ. కేంద్ర సంస్థలకు ఆన్‌లైన్‌లో పది రూపాయలతో వేయొచ్చు. అర్జీ తెలుగులో రాస్తే ఇక్కడ పనికిరాదు. చట్టం ప్రకారం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష, అంటే బెంగుళూరులో కన్నడ. కర్ణాటక ప్రభుత్వ ఆఫీసులకైతే ఒక అర్జీలో ఒకే విషయం, 150 మాటలకు మించకూడదు. నేను మొదటి అర్జీ మూడు పేజీలు రాసి తిప్పించుకున్నాను. మీరు ఆ నెల పోగొట్టుకోకండి.

ఏం అడగాలన్నది ముఖ్యం. "లోపల ఫైర్ ట్రైనింగ్ ఎక్కడ చేస్తారు" అని అడిగితే భద్రత కారణంగా సెక్షన్ 8(1)(ఎ) చూపించి ఇవ్వరు. "గత పదేళ్లలో ఏడాదికి ఎన్ని లీటర్ల ఫోమ్ కాన్సంట్రేట్ కొన్నారు, పాత స్టాకును ఎలా పారవేశారు, భూగర్భ జలంలో పీఎఫ్ఏఎస్ పరీక్ష ఎప్పుడైనా చేయించారా, చేయిస్తే నివేదిక నకలు" అని అడగండి. కొంత ఆపినా మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) చెబుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. పరీక్షల ప్రశ్నను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, కేంద్ర భూగర్భ జల మండలి బెంగుళూరు ఆఫీసుకు కూడా విడివిడిగా పంపండి. "అలాంటి పరీక్ష చేయలేదు" అని వచ్చినా అది పనికొచ్చే జవాబే. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

గోడ బయట జరిగిన మంటలనూ మర్చిపోవద్దు. 2019 ఫిబ్రవరి 23న ఏరో ఇండియా పార్కింగ్‌లో సుమారు 300 కార్లు కాలిపోయాయి. ఆ పొగ మా మేడ మీదికే కనిపించింది. ఆ రోజు నీళ్లతో ఆర్పారా, ఫోమ్ కొట్టారా, కొడితే ఏ ఫోమ్ అన్నది అడిగి తెలుసుకోవాల్సిన ప్రశ్న. కాగితం దొరికేదాకా అది ప్రశ్నే, ఆరోపణ చేయకండి.

నీళ్లు ఎటు పోతాయి

బెంగుళూరు గట్టు మీద కట్టిన ఊరు. ఒక పక్క పడిన వాన అర్కావతికి, ఇంకో పక్క పడిన వాన దక్షిణ పినాకినికి పోతుంది. యలహంక, అల్లాలసంద్ర, జక్కూరు, రాచేనహళ్లి చెరువులు ఒకదాని కింద ఒకటి గొలుసులా ఉన్నాయి. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు. రాజకాలువలు (వాన నీళ్లు పోయే పెద్ద కాలువలు) ఎటు దిగుతాయో వాన వెలిసిన సాయంత్రం పబ్లిక్ రోడ్డు మీద నడిచి చూడండి. మ్యాపులో కనిపించని మలుపు అప్పుడు కనిపిస్తుంది.

నేల కింద కథ వేరు. ఇక్కడంతా గట్టి రాయి. ఇసుక నేలలోలాగా నీళ్లు సమంగా పాకవు, బండ పగుళ్ల వెంట పోతాయి. వంద అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లలో వేర్వేరు నీళ్లు ఉండొచ్చు. ఆ పగుళ్లను బోరు బండి వాళ్లు 'గ్యాపు' అంటారు. మా మోటారు చూసే అన్న బోరు వేసిన రోజు దగ్గరే ఉన్నాడు. "రెండొందల అరవై అడుగుల దగ్గర ఒక గ్యాపు వచ్చిందక్కా, ఎర్ర నీళ్లు కొంచెం. మళ్లీ ఏడొందలు దాటినాక ఇంకోటి, అది బాగా కొట్టింది" అని చెప్పాడు. నా నోటు పుస్తకంలో అన్నిటికన్నా విలువైన లైను అదే. పై గ్యాపు నీళ్లు కొత్త వాన నీళ్లు, కింది గ్యాపువి చాలా పాతవి కావొచ్చు. కేసింగ్, అంటే బోరు పైభాగంలో దింపే పైపు, ఎన్ని అడుగులు దింపారో కూడా అడగండి. ప్రతి బోరుకూ లోతు, గ్యాపులు, కేసింగ్, మోటారు ఏ లోతులో ఉందో రాసుకోండి. ఆ తర్వాతే ఏ బోర్లు పరీక్షించాలో తేల్చుకోవాలి: వాలుకు కింద రెండో మూడో, వాలుకు పైన తప్పనిసరిగా ఒకటి. పైది లేకపోతే కింద దొరికింది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే దిక్కుండదు.

చెరువులో తెల్లటి నురగ కనిపించగానే ఫోమ్ అనుకోకండి. బెంగుళూరులోనే ఉన్న బెళ్లందూరు చెరువు నురగకు ప్రధాన కారణం మురుగు నీళ్లు, బట్టల సబ్బులు.

నమూనా పట్టడం

నేను ల్యాబు మనిషినే అయినా ఇక్కడే దెబ్బతిన్నాను. మనం వెతుకుతున్నది ఎంత చిన్నదో చూడండి. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తాగునీటికి పెట్టిన పరిమితి పీఎఫ్ఓఎస్‌కు, పీఎఫ్ఓఏకు లీటరుకు 4 నానోగ్రాములు. అంటే 6,000 లీటర్ల ట్యాంకర్ మొత్తంలో ఉప్పు రవ్వ ఒకదానిలో సగం బరువు కూడా ఉండదు. ఆ లెక్కలో మన చేతి క్రీము, రెయిన్‌కోటు, పార్సిల్ కాగితంలో ఉండగల ఇవే రసాయనాలు కూడా నమూనాలోకి దూరిపోతాయి.

మా మొదటి విడత రోజు సన్నగా తుంపర పడుతోంది. సాయానికి వచ్చిన పక్కింటి అబ్బాయి వాటర్‌ప్రూఫ్ జాకెట్ వేసుకున్నాడు. ఫీల్డ్ బ్లాంకు, అంటే ల్యాబు ఇచ్చిన శుభ్రమైన నీళ్లను అక్కడే ఒక బాటిల్ నుంచి ఇంకో బాటిల్‌లోకి పోసేది, అతని చేతే పోయించాను. జాకెట్ చేతి అంచు నుంచి చుక్కలు కారుతూనే ఉన్నాయి. మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. ఏమీ ఉండకూడని బ్లాంకులోనే పీఎఫ్ఓఏ కనిపించింది. ఆ రోజు ఫొటోలు తిరగేస్తే ఇంకొకటి బయటపడింది. కుళాయి మరల దగ్గర ప్లంబరు చుట్టిన తెల్లటి టెఫ్లాన్ టేపు (అదీ ఫ్లోరిన్ పదార్థమే) కొన తడిసి వేలాడుతోంది. జాకెట్ వల్లో ఇంకేదాని వల్లో తేల్చలేను, రెండూ నేను చూసుకోవాల్సినవే. నాలుగు నమూనాల డబ్బు పోయింది, ఆ రిపోర్టును చించకుండా ఫైల్లోనే పెట్టాను.

కాబట్టి ఇట్లా చేయండి. ముందు రోజే కుళాయి చూసి, టేపు ఉన్నది వదిలేసి వేరేది ఎంచుకోండి. సంప్‌కు ముందు, సాఫ్ట్‌నర్‌కు ముందు, మోటారు నుంచి నేరుగా వచ్చే చోట పట్టండి. మోటారు ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ఎన్నోసార్లు ఉతికిన నూలు బట్టలు వేసుకోండి, ఆ పొద్దున క్రీములు, సన్‌స్క్రీన్ వద్దు. నైట్రైల్ గ్లోవ్స్ ఒక్కో బోరుకు కొత్త జత. ల్యాబు ఇచ్చిన ప్లాస్టిక్ బాటిళ్లే వాడండి, మూతలో టెఫ్లాన్ లేదని అడగండి. గాజుకు ఈ రసాయనాలు అంటుకుంటాయి కాబట్టి గాజు సీసాలు వద్దు. నమూనా పాడవకుండా లోపల మందు వేసి ఉంటే బాటిల్ కడగొద్దు. నమూనాలు మామూలు ఐసులో పెట్టి వీలైతే అదే రోజు చేర్చండి, జెల్ ప్యాకులు వద్దు. ఎవరు పట్టారు, ఎన్ని గంటలకు, ఎవరికి ఇచ్చారు అన్నది సంతకాలతో రాయించండి. రేపు ఆఫీసులో మొదట అడిగేది అదే.

ల్యాబు ఎంచుకునేటప్పుడు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. ఆ గుర్తింపు పరిధిలో పీఎఫ్ఏఎస్ ఉందా, ఎంత తక్కువ వరకు కొలవగలరు అని అడగండి. లీటరుకు 100 నానోగ్రాముల కింద చూడలేని ల్యాబు "కనిపించలేదు" అని రాస్తే దానికి విలువ లేదు. నీళ్లు తాగడానికి పనికొస్తాయని ఇచ్చే మామూలు 'పోటబుల్' రిపోర్టు కూడా దీనికి పనికిరాదు. 2012 నాటి ఐఎస్ 10500 తాగునీటి ప్రమాణంలో పీఎఫ్ఏఎస్‌కు పరిమితే లేదు. నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుకు ఇవి కనిపించవు.

రిపోర్టు వచ్చాక మొత్తం అంకెకన్నా, ఏది ఎంత ఉందో చూడండి. పాత రకం ఫోమ్ అయితే పీఎఫ్ఓఎస్, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ ఎక్కువగా కలిసి వస్తాయి. తర్వాతి రకం ఫోమ్‌లకు 6:2 ఎఫ్‌టీఎస్ అనే ఇంకో పీఎఫ్ఏఎస్ గుర్తు. అయినా తొందరపడొద్దు. క్రోమ్ ప్లేటింగ్ తొట్లలో ఆవిరి లేవకుండా కూడా పీఎఫ్ఓఎస్ వాడేవారు. చెత్త దిబ్బల నుంచీ, మురుగు శుద్ధి నీళ్ల నుంచీ కూడా ఇవి వస్తాయి. జక్కూరు చెరువులోకి శుద్ధి చేసిన మురుగు నీళ్లు వస్తాయి కాబట్టి అక్కడి నమూనా ఒక్కటే పట్టుకుని ఎవరినీ వేలెత్తి చూపలేం. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేసి, రెండూ ఒకే మాట చెబితే అప్పుడు కాలుష్య నియంత్రణ మండలికి రాయండి. అక్కడా కదలిక లేకపోతే కర్ణాటకకు కూడా వర్తించే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. ఆ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద ఆరు నెలల గడువు ఉంటుంది, అందుకని రిపోర్టు చేతికి రాగానే వకీలును కలవండి.

ఈలోగా ఇంట్లో ఏం చేయాలి? కాచితే ఇవి పోవు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడతాయి. ఆర్‌ఓ బాగా ఆపుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ కూడా ఆపుతుంది, కానీ క్యాట్రిజ్ సమయానికి మార్చాలి. ఆర్‌ఓ వదిలేసే నీళ్లను కూరగాయల కుండీలకు పోయకండి, తీసేసినదంతా వాటిలోనే ఉంటుంది.

కింది అమ్మాయిని రిపోర్టు వచ్చేదాకా ఆగమని నేను చెప్పలేదు. మా ఆర్‌ఓ నుంచి రోజూ రెండు క్యాన్లు పట్టుకెళ్తోంది, వంటకు కూడా అవే. రెండో విడతకు వాలుకు పైన ఒక బోరు దొరికింది. ఆ ఇంటి పెద్దాయన మొదట ఒప్పుకోలేదు, "మా నీళ్లు బాగుంటే మీకేం లాభం?" అన్నారు. మీ నీళ్లు బాగున్నాయని తేలితేనే మా నీళ్ల సంగతి తెలుస్తుంది తాతా అని చెప్పాను. ఆదివారం పొద్దున ఆరింటికి మోటారు వేసి ఉంచుతానన్నారు. ఈసారి బ్లాంకులు రెండు తీసుకెళ్తున్నాను.